శెనక్కాయల పరిషె, వాందే తిరుగుబాటు

శుక్రవారం, హనుమంతనగర్

అనంతపురం వాళ్ళం బెంగళూరు వెళ్ళామంటే ఆసుపత్రికో, పిల్లల దగ్గరికో అనుకుంటారు. నేను ఈసారి వెళ్ళింది ఫ్రాన్సులో 1793లో జరిగిన ఒక తిరుగుబాటు కోసం. నవ్వకండి. మా పెద్దనాయన సైన్యంలో చేసినన్నాళ్ళూ ఎక్కువగా ఇంటెలిజెన్స్ విభాగంలోనే ఉన్నాడు. ఏ ఊళ్ళో చేశాడో, ఎవరి కూపీ లాగాడో రిటైరై ఇన్నేళ్ళయినా నోరు విప్పడు. "నేను చూసిన ఫైళ్ళ గురించి మాట్లాడితే తప్పు. రెండొందల ఏళ్ళ కిందటి ఫైళ్ళ గురించి ఎంత వాగినా అడిగేవాడు లేడు" అంటాడు. అందుకని వాందే పట్టుకున్నాడు. రాజరికం తీసేసి 1792 సెప్టెంబరులో రిపబ్లిక్ పెట్టుకుని, మరుసటి జనవరిలో రాజు తల తీయించిన పారిస్ ప్రభుత్వం మీద తిరగబడిన పడమటి పల్లెసీమ అది. "ఆదివారం నలుగురు ఇంటికి వస్తారు, సోమవారం పరిషె, అంటే శెనక్కాయల జాతర ఉంది, రెండూ కలిసొస్తాయి, రా" అని ఫోను చేశాడు.

మెజెస్టిక్ బస్టాండు బయట ఆటో అతను మూడు వందలు అన్నాడు. నా కన్నడం రెండు ముక్కలు వినగానే "మాది మదనపల్లె సార్" అని తెలుగులోకి దిగిపోయి రెండు వందల అరవైకి ఒప్పుకున్నాడు. ఊరివాడన్న అభిమానం నలభై రూపాయలు చేసింది. అడ్రసులో మెయినూ క్రాసూ రెండూ ఉన్నా, మ్యాపు మమ్మల్ని తీసుకెళ్ళి శ్రీనగర్ వైపు ఒక గోడ ముందు నిలబెట్టింది. అక్కడా అదే క్రాసు నంబరు. పూలమ్మే ఆవిడను అడిగితే, బుట్ట పక్కింటి అరుగు మీద పెట్టి మలుపు దాకా నడిచొచ్చి మరీ చూపించింది. ఈ పాత పేటల్లో ఇంకా మిగిలిన మర్యాద ఇది. కొత్తగా లేచిన అపార్టుమెంట్ల దగ్గర అడిగితే లొకేషన్ పంపించుకోండి అంటారు.

పెద్దమ్మది ముళబాగిలు. నేను వెళ్ళేసరికి హాల్లో పేపరు పరిచి, నానబెట్టిన అనపగింజలు ముందేసుకుని కూర్చుంది. పితికిన పప్పు తినడం సుఖమే గాని, పితకడం ఒక యజ్ఞం. గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నొక్కితే తొక్క చేతిలో మిగిలి పప్పు బయటికి దూకుతుంది. సరిగ్గా పట్టుకోకపోతే టీవీ కిందికి పోతుంది. కాళ్ళు కడుక్కుని నేనూ కూర్చున్నాను. పెద్దనాయన కూడా పితుకుతూనే వాందే మొదలుపెట్టాడు.

"1790లో చర్చిని సర్కారు శాఖలాగా చేసేసినారు. ఫాదరీలంతా ప్రమాణం చేయాల. చేయనోళ్ళను పీకేసి, ఊరికి మొగం తెలీనోళ్ళను పంపించినారు. చర్చి భూములు వేలానికి పెడితే కొన్నది ఎవరు? పట్నంలో డబ్బుండేవాళ్ళు. దాని మీద 1793 ఫిబ్రవరి 24న, మూడు లక్షల మంది పిల్లోళ్ళు సైన్యానికి కావాలని చట్టం. చానా చోట్ల చీటీలేసి తీసినారు. ఆ చీటీలు ఏయించే ఆఫీసర్లకు మాత్రం మినహాయింపు!"

"మల్ల తిరగబడక ఏం చేస్తారు?" అంది పెద్దమ్మ తల ఎత్తకుండానే.

పెద్దనాయన గింజ పట్టుకున్న చెయ్యి ఆపి నా వైపు చూశాడు. "చూసినావా, ముళబాగిల్లో పుట్టిన మనిషికి ఒక్క నిమిషంలో అర్థమైంది పారిస్‌లో ఎవరికీ ఎందుకు ఎక్కలేదో, అదే ఆదివారం సంగతి."

ముద్ద, పితికిన పప్పు పులుసు, మీద ఒక గరిటె నెయ్యి. ఆ రాత్రికి ఇక విప్లవాల గురించి ఎవరూ మాట్లాడలేదు.

శనివారం, గాంధీ బజార్ నుంచి కోట దాకా

పొద్దున గాంధీ బజార్‌లో దోసెకు బయట పేరు రాయించుకుని నిలబడాలి. శనివారం కాబట్టి జనం రోడ్డు మీదికి వచ్చేశారు. పెద్దనాయనకు క్యూలంటే పడదు, శంకరపురం వైపు నడిపించాడు. అక్కడ నిలబడి తినే చిన్న హోటల్లో ఇడ్లీ, వడ, చట్నీ ఎంతైనా పోస్తారు, సాంబారు మాత్రం ఉండదు. ఆంధ్రావాడికి అది మొదట అవమానంలా ఉంటుంది, రెండో ఇడ్లీకి చట్నీయే చాలనిపిస్తుంది. పక్కన ఇద్దరు పెద్దమనుషులు ఒక కాఫీని రెండు గ్లాసుల్లో పోయించుకుని బై టూ తాగుతున్నారు. చూస్తే కార్లలో వచ్చినవాళ్ళే. ఇక్కడ బై టూ అంటే పిసినారితనం కాదు, ఇంకో గంటకు మళ్ళీ తాగుతామని.

అక్కడి నుంచి కె.ఆర్. మార్కెట్ పక్కన మిగిలిన కోట ముక్కకు. బంతిపూల మూటల మధ్య నుంచి, బస్సుల పొగలోంచి దాటితే పెద్ద రాతి వాకిలి. ఈ గోడకు పడిన గండిలోంచి 1791 మార్చి 21న ఇంగ్లిషు సేన లోపలికి చొరబడిందని దగ్గర్లో ఒక ఫలకం ఉంది. కార్న్‌వాలిస్ దండు ముందు పేటను, రెండు వారాల తర్వాత కోటను తీసుకుంది. కిల్లేదారు బహదూర్ ఖాన్ పోరాడుతూ ఇక్కడే పోయాడు.

పెద్దనాయన నన్ను ఇక్కడికి తెచ్చింది టిప్పు కోసం కాదు, ఒక వార్తాపత్రిక కోసం. టిప్పు రాయబారులు 1788లో వెళ్ళి పదహారో లూయీని కలిశారు. ఆ రాజు తల తెగిపోయాక, 1797లో శ్రీరంగపట్నంలోని ఫ్రెంచి సిపాయిలు రిపో అనే ఓడ మనిషి చుట్టూ చేరి విప్లవ క్లబ్బు ఒకటి పెట్టుకున్నారు. టిప్పు రహస్యంగా మారిషస్‌కు మనుషులను పంపి ఫ్రెంచివాళ్ళ సాయం అడిగాడు. అక్కడి గవర్నరు మలార్తిక్ ఏం చేశాడంటే, 1798 జనవరిలో ఆ రహస్యాన్ని గోడలకు ప్రకటనగా అంటించాడు! అది తిరిగి తిరిగి జూన్‌కు కలకత్తా పత్రికలో అచ్చయింది. గవర్నర్ జనరల్ వెల్లెస్లీ దాన్ని అక్కడ చదివాడు. ఏ వేగూ ఉప్పందించనక్కర్లేకపోయింది. తీరా చూస్తే మారిషస్ నుంచి వచ్చిన వాలంటీర్లు వంద మంది కూడా లేరు.

"వంద మంది లేరని తెలిసినా దండు కదిలింది," అన్నాడు పెద్దనాయన, వాకిలి మీది చెక్కడాన్ని వేలితో తడుముతూ. "ఆయనకు యుద్ధం కావాల. కాగితం దొరికింది. రిపోర్టు ఎప్పుడూ ఖాళీ చెవిలోకి పోదు నాయనా, ఆ చెవిలో ముందే ఏదో ఒకటి ఉంటాది."

మధ్యాహ్నం ఆయన మనవరాలు చర్చ్ స్ట్రీట్‌లో కలిసింది. ఫ్రెంచి కంపెనీలో ఉద్యోగం, వసంతనగర్‌లో ఫ్రెంచి నేర్చుకుంది. తాత కోసం పాత కాగితాలు చదివిపెట్టేది ఈ పిల్లే. పారిస్ జాతీయ గ్రంథాలయం వాళ్ళు ఉచితంగా నెట్‌లో పెట్టిన సంపుటాల్లో ఆనాటి సేనాపతుల ఉత్తరాలు వందలకొద్దీ ఉన్నాయట. "బాబాయ్, మా తాత ఒక్కో లెటర్‌కి మార్కులేస్తాడు, చూశావా?" అంది. చూడలేదన్నాను. పాత పుస్తకాల షాపులో మెట్ల మీదే కూర్చుని గంట గడిపాం. నాకు ఫ్రెంచి విప్లవం మీద అట్ట చిరిగిన ఇంగ్లిషు పుస్తకం మూడు వందల యాభైకి దొరికింది. తనకు ఏమీ దొరకలేదు, కాని కాఫీకి పెట్టిన ఖర్చు ఆ పుస్తకం ధరను దాటింది. ఆ వీధిలో కాఫీ బై టూ అడగడానికి నాకే మొహమాటమేసింది.

ఆదివారం, హనుమంతనగర్‌లోనే

పదకొండింటికి అందరూ చేరారు. కర్నూలు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన రిటైర్డ్ బ్యాంకు మేనేజరు, పక్కింటి రిటైర్డ్ ఇన్‌స్పెక్టరు (మండ్య ఆయన, తెలుగు సినిమాల పుణ్యమా అని తెలుగు బాగా వచ్చు), వైట్‌ఫీల్డ్ నుంచి మెట్రో మారి వచ్చిన గుంటూరు సాఫ్ట్‌వేర్ కుర్రాడు, మనవరాలు, నేను. పెద్దమ్మ ఉడకబెట్టిన శెనక్కాయలు పళ్ళెంలో పోసింది.

భోజనాల బల్ల మీద పెద్దనాయన ముందే ఏర్పాట్లు చేశాడు. నీలం అంచు తువ్వాలు మడిచి అడ్డంగా పరిస్తే ల్వార్ నది. దాని కింద బల్లంతా వాందే పల్లెలు. తిరుగుబాటుదారులకు శెనక్కాయలు, నీలం కోట్ల రిపబ్లిక్ సైనికులకు అగ్గిపుల్లలు. ఎడమ చివర ఉప్పు గిన్నె, అది సముద్రం. కంచెలూ డొంకదారులూ చూపడానికి కొత్తిమీర కాడలు కూడా పరిచాడు. ఆ సీమంతా చేను చేనుకూ గట్టుమీద దట్టమైన కంచె, మధ్యలో మనిషి లోతు బాటలు. పది అడుగుల అవతల ఎవరున్నారో కనబడదు.

"మార్చి 11న మాష్కూల్. 12న సాన్ ఫ్లొరాన్. 14న షొలే పట్టణం పోయింది" అంటూ మూడు శెనక్కాయలు పెట్టాడు. "ఇవి ఒకరికొకరు చెప్పుకుని చేసినవి కాదు. ఒకే వారంలో చీటీలు తీయబోయినారు కాబట్టి ఒకే వారంలో లేచినారు. పారిస్‌కు మాత్రం ఎట్లా కనపడింది? ఇన్ని చోట్ల ఒకేసారి లేచిందంటే వెనక ఎవడో ఉన్నాడు."

తర్వాత అగ్గిపెట్టె తీశాడు. లా రోషెల్ నుంచి సేనాని మార్సే రెండు వేల పైచిలుకు మందితో ఉత్తరానికి బయలుదేరాడు. ఒక్కో పుల్లా జరుపుతూ పాన్ షారో వంతెన దాకా తెచ్చాడు. మార్చి 19, సాయంత్రం. ఎదురుగా పెద్ద గుంపు కదులుతోంది. ఎవరు? గాలిలో పాట వినబడింది, మార్సెయేజ్ వరస. నిరుడే పుట్టిన విప్లవ గీతం. అయితే మనవాళ్ళే, నాంత్ వైపు నుంచి సాయం వచ్చిందనుకున్నారు. కాల్చాలా వద్దా అని తర్జనభర్జన పడుతుండగా పొద్దు వాలింది. అది వరస మాత్రమే. మాటలు పల్లెటూరివాళ్ళవి, దేవుడి కోసమూ రాజు కోసమూ సొంతంగా కట్టుకున్నవి. దూరం నుంచి వరస వినబడుతుంది, మాటలు వినబడవు. గుంపు మీదపడింది. సైనికులు బెదిరి పరుగు లంకించుకుంటే లా రోషెల్ దాకా ఆగలేదు. పెద్దనాయన పుల్లలన్నీ ఒక్క ఊపున బల్ల అంచుకు తోసేశాడు, రెండు నా ఒళ్ళో పడ్డాయి.

ఇన్‌స్పెక్టరు తల ఊపాడు. "బందోబస్తులో ఇదే ప్రాబ్లమ్ సార్. నమ్మ (అంటే మన) పాటే వస్తా ఉంటే నమ్మోళ్ళే అనుకుంటారు."

మార్సేను ద్రోహి అన్నారు. అరెస్టు చేసి 1794 జనవరిలో తల నరికే గిలటిన్ ఎక్కించారు. ఓడిపోయినందుకు కాదట, కుట్రలో భాగమైనందుకట! ఆ ఓటమి వాందే జిల్లాలో జరిగింది కాబట్టి, నాలుగు జిల్లాల్లో రగులుతున్న మంటకు పారిస్ ఆ ఒక్క పేరే పెట్టేసింది. ఇంకో తమాషా ఉంది. అదే మార్చి 19న, వంతెన దగ్గర ఇది జరుగుతుండగానే పారిస్‌లో చట్టసభ ఒక చట్టం చేసింది: ఆయుధంతో దొరికిన తిరుగుబాటుదారును 24 గంటల్లో చంపేయాలని. ఓటమి వార్త ఇంకా చేరనేలేదు.

ఇక్కడ మార్కుల సంగతి వచ్చింది. బ్రిటిష్ వాళ్ళ కాలం నుంచి సైన్యాల్లో వాడే పద్ధతట. ప్రతి సమాచారానికి ఒక అక్షరం, ఒక అంకె. అక్షరం ఎ నుంచి ఎఫ్ దాకా, చెప్పినవాడు ఎంత నమ్మకస్తుడో. అంకె 1 నుంచి 6 దాకా, చెప్పిన మాట ఎంత నిజమయ్యే వీలుందో. రెండూ కలపకూడదు. నమ్మకస్తుడు పొరపాటు మాట తేవచ్చు, దొంగ నిజం చెప్పవచ్చు. ఎఫ్-6 అంటే అబద్ధమని కాదు, తేల్చలేమని.

మనవరాలు ప్రింటు తీసిన కాగితాల మీద పెన్సిలుతో వేసిన మార్కులు చూశాను. అన్నిటికన్నా ఎక్కువ వచ్చింది 1793 నాటి కాగితానికి కాదు. 1791లో పారిస్ పంపిన గాల్వా, జాన్సొనే అనే ఇద్దరు కమిషనర్లు ఊరూరా తిరిగి ఆ అక్టోబరులో సభకు ఇచ్చిన నివేదికకు. ఈ జనం విప్లవానికి శత్రువులు కారు, తమ పాత ఫాదరీని తమకు వదిలేయమంటున్నారు, అంతే, బలవంతం చేయకండి అన్నది దాని సారం. పక్కన పెన్సిలుతో బి-2. కింద ఇంకా చిన్న అక్షరాలతో: "చదివినారు. వినలేదు."

"ఆ జాన్సొనే ఏమయ్యాడు సార్?" అన్నాడు గుంటూరు కుర్రాడు.

"1793 అక్టోబరులో తల తీసేసినారు. దీనికోసం కాదులే, వేరే ముఠా అని. ఏమైతేనేం."

అగ్గిపుల్లలు మళ్ళీ పేర్చారు గాని ఎవరూ ఆట మీద లేరు. బ్యాంకు మేనేజరుకు డబ్బు లెక్క కావాలి: ఇంత మందికి తిండి ఎవరు పెట్టారు? అసలు సైన్యమే లేదు కదా అన్నాడు పెద్దనాయన. చర్చి గంట మోగితే వస్తారు, యుద్ధం అయిపోయాక చొక్కా మార్చుకోవడానికి, పశువులు చూసుకోవడానికి ఇంటికి పోతారు. గాలిమర రెక్కలను ఒక్కో కోణంలో నిలిపి కొండ నుంచి కొండకు కబురు పంపేవారని చెబుతారు. నీలం కోట్లవాళ్ళు ఊళ్ళోకి వస్తే ఖాళీ ఇళ్ళు, ముందుకు పోతే వెనక నుంచి తూటాలు. లెక్క కట్టడానికి నిలకడగా ఏదీ ఉండదు. లెక్క కట్టలేని అధికారి పైకి ఏం రాస్తాడు? నలభై వేలమంది అని రాస్తాడు. ఓడిపోయినవాడికి శత్రువు సంఖ్య ఎప్పుడూ పెద్దదే.

నడిపించింది ఎవరన్న దగ్గర పెద్దనాయన గొంతు పెంచాడు. మొదట ముందున్నవాడు కతెలినో, ఊరూరా తిరిగి సరుకులమ్ముకునే మనిషి. స్తోఫ్లే జమీందారు అడవికి కాపలాదారు. జమీందార్లను పల్లెవాళ్ళే ఇళ్ళకెళ్ళి లాక్కొచ్చారు, మాకు తుపాకీ పట్టడం తెలిసినవాడు కావాలని. వాళ్ళలో షారెత్ అనే ఆయన మంచం కింద దాక్కున్నాడని కూడా ఒక కథ ఉంది. పారిస్ కాగితాల్లో మాత్రం మొత్తం తలకిందులు. ముందు జమీందార్లు కుట్ర పన్నారు, ఫాదరీలు రెచ్చగొట్టారు, ఇంగ్లండు ప్రధాని పిట్ బంగారం పంపాడు, అమాయక రైతులు మోసపోయారు. ఇంగ్లండు సంగతేమో, ఆ నవంబరులో తిరుగుబాటుదారులు పిల్లాపాపలతో ల్వార్ నది దాటి వెళ్ళి గ్రాన్విల్ రేవు ముందు నిలబడి సముద్రంలోకి చూస్తే ఒక్క ఇంగ్లిషు ఓడా లేదు. కుట్ర నిజమే అయితే ఓడ ఉండాలి కదా!

మనవరాలు అడ్డం తగిలింది. "తాతా, మాష్కూల్‌లో వాళ్ళు చంపినవాళ్ళ సంగతి చెప్పవేం?" నిజమే. అక్కడ రిపబ్లిక్ పక్షం మనుషులను, ఎక్కువగా ఊరి ఉద్యోగులను, వంద మందికి పైగా వారాల తరబడి పట్టుకొచ్చి చంపారు. "చెప్తా, చెప్తా" అన్నాడు గాని ఆయనకు ఆ ప్రశ్న నచ్చలేదని మొహం చూస్తే తెలిసింది. కుర్రాడు సూటిగా అడిగాడు, మీరు ఎవరి పక్షం సార్ అని. రిపోర్టు రాసేవాడికి పక్షం ఉండదు అన్నాడు పెద్దనాయన. నాకది ఒప్పుకోబుద్ధి కాలేదు. ముందురోజు కోట దగ్గర వెల్లెస్లీ గురించి ఆయన అన్న మాటకే ఇది ఎదురు. అక్కడ అనలేకపోయాను, పెద్దవాడు. ఇంతలో పెద్దమ్మ ల్వార్ నదిని తీసేసి విస్తళ్ళు వేసేసింది.

సోమవారం, పరిషె

కార్తీకం ఆఖరి సోమవారం బసవనగుడిలో శెనక్కాయల పరిషె. కడలెకాయి పరిషె అంటారు ఇక్కడ. దొడ్డ గణపతి గుడి నుంచి, దొడ్డ బసవణ్ణ గుడి నుంచి బుల్ టెంపుల్ రోడ్డు పొడుగునా రెండు వైపులా కుప్పలు కుప్పలుగా శెనక్కాయలు. పచ్చివి, వేయించినవి, ఉడికించినవి, ఎర్రవి, మూడు గింజలవి. ఒకే రాతిలో చెక్కిన బసవన్నకు, బెంగళూరు స్థాపకుడు కెంపెగౌడ కట్టించిన గుడికి వెనకటి కథ ఒకటుంది. రాత్రిళ్ళు ఒక ఎద్దు వచ్చి చేలన్నీ మేసేస్తుంటే, రైతులు మొదటి పంట నీకే ఇస్తామని మొక్కుకున్నారట. శెనక్కాయ మొక్క దక్షిణ అమెరికా నుంచి ఓడలెక్కి వచ్చిన పంట, కెంపెగౌడ కాలానికి ఈ నేల మీద ఉందా అంటే అనుమానమే. పెద్దనాయనకు ఈ మాట చెబితే ఒక్క క్షణం ఆలోచించి "ఎఫ్-6" అని చెప్పులు విడిచి గుళ్ళోకి నడిచాడు.

జనం మామూలుగా లేరు. మమ్మల్ని ఎవరూ తోయలేదు, మేమూ ఎవరినీ తోయలేదు, అయినా ఆగకుండా ముందుకు కదులుతున్నాం. కన్నడం, తెలుగు, తమిళం కలగలిసి వినబడుతున్నాయి. ఒక చోట సేరు అరవై అన్నాడు, కన్నడంలో. నాలుగు కుప్పల అవతల పెనుకొండ వైపు నుంచి వచ్చిన ముసలాయన తెలుగులో ఎనభై అన్నాడు. మనూరివాడివి కదా తగ్గించమంటే, "మనూరు కాబట్టే చెప్తాండా, ఆ అరవైది పోయినేటి కాయ, ఇరిచి చూడు" అన్నాడు. రెండూ విరిచి చూశాను. ఆయన కాయలో గింజ తడిగా, గులాబీ రంగులో, తొక్కకు అతుక్కుని ఉంది. అవతలిది గిలక్కాయలా మోగింది. మూడు సేర్లు కొన్నాను. శెనక్కాయల జిల్లా నుంచి వెళ్ళి బెంగళూరులో మా సీమ శెనక్కాయలు కొనుక్కొచ్చానని మా ఇంట్లో ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

కాళ్ళు లాగేస్తుంటే బ్యూగల్ రాక్ పార్కులో బండ మీద కూర్చున్నాం. ఒకప్పుడు కాపలావాళ్ళు ఇక్కడ నిలబడి బూర ఊది ఊరిని హెచ్చరించేవారని చెబుతారు. ఇప్పుడు బండ నిండా శెనగ తొక్కలు. నిన్న భోజనాలతో తెగిపోయిన కథ పెద్దనాయన అక్కడ ఎత్తుకున్నాడు.

1793 డిసెంబరు 23న సావ్నే దగ్గర తిరుగుబాటు పెద్ద దండు నాశనమైంది. వాందే ఇక లేదు, పిల్లలను గుర్రాల కింద తొక్కించాను, ఖైదీలు ఒక్కరూ లేరు అని సేనాని వెస్టర్మాన్ పారిస్‌కు రాసినట్టు ఒక ఉత్తరం పుస్తకాల్లో తిరుగుతుంది. దాని అసలు ప్రతి ఎవరికీ దొరకలేదు. మనవరాలు తెచ్చిన ప్రింటు మీద పెద్దనాయన మార్కు వేయకుండా ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాడు. యుద్ధం అయిపోయిందన్న మాట మాత్రం పారిస్‌లో అందరికీ కావలసిన మాట. అయిపోయిన యుద్ధానికి 1794 జనవరిలో త్యూరో అనే ఇంకో సేనాని డజను దాకా దళాలను ఊళ్ళ మీదికి వదిలాడు, ఇళ్ళు, గాలిమరలు, పంటలు, మనుషులు అన్నీ కాల్చుకుంటూ పొమ్మని. రాతపూర్వకంగా ఆజ్ఞ ఇవ్వమని పదేపదే పారిస్‌ను అడిగాడు. ఫిబ్రవరి 8న, పారిస్‌లో యుద్ధ వ్యవహారాలు చూసే కార్నో నుంచి జవాబు వచ్చింది. నీ పద్ధతులు బాగున్నట్టున్నాయి, నీ ఉద్దేశాలు స్వచ్ఛమైనవి అని. ఖాయంగా ఆమోదిస్తున్నామన్న మాట మాత్రం లేదు, ఫలితాలు చూశాక తేలుస్తామని.

"ఇట్లాంటి ఉత్తరాలు నాకు తెలుసు" అన్నాడు పెద్దనాయన. అంతవరకే. ఎక్కడ చూశాడో, ఎవరు రాశారో చెప్పలేదు, నేనూ అడగలేదు. కాసేపు తొక్కలు ఏరుతూ కూర్చున్నాడు.

ఆ నెలల్లో దళాలు వచ్చి పోయిన ప్రతిచోటా, ఇంటిపట్టున ఉన్నవాళ్ళు కూడా తుపాకీ పట్టి షారెత్, స్తోఫ్లేల దగ్గరికి పోయారు. లేదన్న వాందే మళ్ళీ లేచింది. మొత్తం యుద్ధంలో ఆ సీమ పోగొట్టుకున్న మనుషులు సుమారు 1,70,000 అన్నది ఈ మధ్యకాలంలో జాగ్రత్తగా కట్టిన లెక్క.

తర్వాత వచ్చిన సేనాని ఓష్ గురించి చెప్పేటప్పుడు ఆయన మొహం తేటపడింది. ఓష్ రెండు పనులు చేశాడట. ఫాదరీల జోలికి పోవద్దని, పూజలు చేసుకోనివ్వమని తన సైనికులకు చెప్పాడు. పల్లెల్లో ఎద్దులను, ధాన్యాన్ని పట్టి ఉంచి, తుపాకీ తెచ్చి ఇస్తే నీ ఎద్దును నువ్వు తోలుకుపో అన్నాడు.

"1791లో ఆ ఇద్దరు రాసిందే కదా సగం" అన్నాను.

"సగమే. ఎద్దుల సంగతి వాళ్ళకు తట్టలేదు. రైతు కొడుకును పట్టుకుంటే తిరగబడినాడు. ఎద్దును పట్టుకుంటే దిగొచ్చినాడు. ఇది మెచ్చుకునే సంగతో కాదో నాకు తెలీదు గానీ, ఓష్‌కు ఆ మనిషి ఎవరో తెలిసింది."

1796 ఫిబ్రవరిలో స్తోఫ్లేను, మార్చి 29న నాంత్‌లో షారెత్‌ను కాల్చి చంపారు. షారెత్‌ను పట్టించిన సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందన్నది మనవరాలు ఇప్పుడు చదువుతున్న కట్టలో ఉందట. ఇంకా నలభై పేజీలు మిగిలాయి, ఆఫీసులో పని ఎక్కువగా ఉంది తాతా అంటోంది. సంక్రాంతి లోపల అవ్వాలని ఆయన గడువు పెట్టాడు.

సాయంత్రం మెజెస్టిక్‌కు మళ్ళీ ఆటో. ఈసారి డ్రైవరు హాసన్ వాడు, మీటరు మీద ఇరవై అడిగాడు, పరిషె ట్రాఫిక్ చూసి ముప్పై ఇచ్చాను. మూట లోపలికి తెస్తే లగేజీ టికెట్ కొట్టాలన్నాడు బస్సు కండక్టరు. రెండు గుప్పెళ్ళు తీసి చేతిలో పోస్తే, ఒకటి విరిచి చూసుకుని, "పెనుకొండ కాయ" అని సీటు కింద పెట్టుకోమన్నాడు.